ఓయా-సాన్ కాఫీ కంతెన్

నిన్న పోస్టులో జపాన్ నుంచి ఒక కార్డు వచ్చింది. లేత బూడిదరంగు అంచు, ఒక మూల చిన్న పువ్వు బొమ్మ, మధ్యలో నిలువుగా అచ్చేసిన నాలుగు వరుసలు. చదవకముందే సంగతి తెలిసిపోయింది. అక్కడ ఏ ఇంట్లోనైనా ఆ ఏడు ఎవరైనా పోతే, కొత్త సంవత్సరానికి మాకు శుభాకాంక్షల కార్డు పంపకండి అని డిసెంబరు మొదట్లోనే తెలిసినవాళ్లందరికీ ఇలా రాస్తారు. మా ఓయా-సాన్ పోయారు. తొంభై దాటిన మనిషి. అచ్చు వరుసల కింద ఆవిడ కూతురు పెన్నుతో ఒక మాట చేర్చింది: "మీ కాఫీ కంతెన్ గురించి అమ్మ మొన్న వేసవిలో కూడా చెప్పుకుంది."

ఆవిడ దాన్ని నాది అనేవారు. నేనేమో ఇన్నేళ్లుగా ఆవిడదనే చెప్పుకుంటున్నాను. అందుకే ఇది రాయాలనిపించింది.

ఓయా-సాన్ అంటే ఇంటి ఓనరుగారు. అక్కడున్నన్నాళ్లూ ఆవిడని అలాగే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను.

కాఫీ జెల్లీ ఎప్పుడూ తినని వాళ్లకోసం రెండు మాటలు. పాలు కలపని చిక్కటి కాఫీలో చక్కెర వేసి, పేరుకునేలా చేసే పదార్థం కలిపి, చల్లారి గట్టిపడ్డాక ముక్కలు కోసి, పైన క్రీమ్ పోసుకుని తినే వేసవి డెజర్టు ఇది. 19వ శతాబ్దపు ఇంగ్లండు వంటపుస్తకాల్లోనే కనిపిస్తుంది గానీ, దాన్ని ఇంటిమనిషిగా చేసుకున్నది జపాన్. కాఫీ షాపుల్లో, సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లలో, స్టేషన్ పక్క కొట్లలో ఎక్కడ చూసినా ఉంటుంది. బయట అమ్మేవాటిలో చాలావాటికి జెలటిన్‌తోనో, రకరకాల గమ్‌లతోనో ఆ రూపం వస్తుంది. ఓయా-సాన్ చేసింది కంతెన్‌తో. మనం అగర్ అగర్ అనీ, చైనా గ్రాస్ అనీ కొనుక్కునే సముద్రపు నాచు సరుకే అది.

* * *

జపాన్‌లో పనిచేశానంటే అందరూ టోక్యోనా అంటారు. కాదు. టోక్యోలోని షింజుకులో అజుసా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు గంటల దూరంలో, నగానో అనే ప్రాంతపు కొండల మధ్య సువా అనే సరస్సు ఉంది. నీటిమట్టమే 759 మీటర్ల ఎత్తున ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ గడియారాలకి, కెమెరాలకి, లెన్సులకి పేరుపడ్డవి. తూర్పు స్విట్జర్లాండ్ అని గొప్పగా చెప్పుకుంటారు. అక్కడి ఒక ఫ్యాక్టరీలో కొలత యంత్రాల సెక్షన్‌లో నా ఉద్యోగం. ఇల్లు పక్క ఊరు చినోలో. ఓయా-సాన్ ఇంటి ఆవరణలోనే వెనక రెండు గదులు, మధ్యలో ఆవిడ ముల్లంగి మడి.

నేను చేరింది నడి చలికాలంలో. మొదటి ఆదివారం తెల్లవారకముందే మెలకువ వచ్చి కిటికీ తెరిస్తే, గుప్పున సముద్రపు వాసన. ఉప్పు, నాచు, ఒడ్డున ఎండిపోయిన వలలు. నగానోకి సముద్రమే లేదు. ఏ వైపు చూసినా కొండలే. ఆ వాసన ఎక్కడిదో అంతుపట్టక కోటు తగిలించుకుని బయటికి వచ్చాను. ఓయా-సాన్ అప్పటికే లేచి వాకిట్లో పేరుకున్న మంచు తోస్తున్నారు. నా ముఖం చూసి నవ్వి, "కంతెన్ ఉడుకుతోంది. రండి చూపిస్తాను" అన్నారు.

ఇంటి వెనక వరిపొలాలు. కోతలైపోయాక ఖాళీ మళ్లల్లోనే కంతెన్ ఆరబెడతారు. తెంగుసా అనే ఎర్రనాచుని రాత్రంతా పెద్ద గుండిగల్లో ఉడకబెట్టి, వడగట్టి, ఆ నీళ్లు పెట్టెల్లో పోస్తే పేరుకుంటుంది. దాన్ని పొడుగాటి దిమ్మలుగా కోసి, పొలంలో కాస్త ఎత్తుగా కట్టిన తడికెల మీద వరసగా పేరుస్తారు. రాత్రి మైనస్ పదికి దిగే చలికి దిమ్మంతా గడ్డకడుతుంది. పగలు ఎండకి ఆ గడ్డ కరిగి నీళ్లు కారిపోతాయి. మళ్లీ రాత్రి గడ్డకట్టడం, మళ్లీ పగలు కారడం. రెండు వారాలు గడిచేసరికి ఎండిన బీరపీచులా తేలికైపోయిన తెల్లటి కడ్డీ మిగులుతుంది. యంత్రం ఏదీ లేదు. చలి సగం పని చేస్తుంది, ఎండ మిగతా సగం.

దానికి చలి ఉంటే చాలదు. మంచు ఎక్కువ కురవకూడదు, పగలు ఎండ బాగా కాయాలి. ఆ మూడూ ఒకేచోట దొరకడం వల్లే సముద్రం మొహం చూడని ఆ లోయ కడ్డీ కంతెన్‌కి పెట్టింది పేరైంది.

ఆ పొలాల చప్పుళ్లు నాకు బాగా గుర్తు. గడ్డకట్టిన మట్టి బూట్ల కింద కరకరమనడం. కొత్తగా పరిచిన దిమ్మల మీద పొడి చేసిన ఐసు చల్లుతుంటే సన్నని గరగర. కాసేపటికి అజుసా రైలు వెళ్లే హోరు. పొద్దెక్కాక మనుషులంతా లోపలికి పోయి టీ తాగుతుంటే, ఖాళీ పొలంలో తడికెల కింద టపటపా చుక్కలు పడుతూనే ఉండేవి. ఒక్కచోట కాదు, కనుచూపుమేర.

ఓయా-సాన్ భర్త బతికున్నప్పుడు ప్రతి చలికాలం ఆ పనికే వెళ్లేవారట. పొలం పని లేని నెలల్లో అదే ఇంటికి ఆసరా. ఎడో కాలం చివర్లో, అంటే 19వ శతాబ్దంలో, ఇక్కడి వ్యాపారి ఒకాయన జపాన్‌లోనే పడమటి వైపు ఊళ్లకి వెళ్లి ఈ పని చూసి వచ్చి, ఊళ్లో మొదలుపెట్టాడని చెప్పేవారు. అసలు కంతెన్ పుట్టుక కథ ఆవిడకి మరీ ఇష్టం. 17వ శతాబ్దంలో క్యోటో దగ్గర ఫుషిమిలో మినోయా తరోజాయెమోన్ అనే సత్రం యజమాని ఉండేవాడట. ఒక ప్రభువుకి వడ్డించగా మిగిలిన నాచు జెల్లీని చలిరాత్రి బయట పారబోశాడు. కొన్నాళ్లకి చూస్తే ఎండి తెల్లగా పడుంది. దాన్ని మళ్లీ ఉడికిస్తే, ముందున్న నీచువాసన పోయి ఇంకా బాగా పేరుకుందట. "పారేసినదాన్ని వంగి చూశాడు చూడండి, అదీ" అనేవారు ఓయా-సాన్. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట దగ్గర ఆవిడ గొంతు కొంచెం పెరిగేది.

* * *

నేను మాంసం, చేపలు ముట్టను. జపాన్‌లో విదేశీ మాటలు రాసే కతకానా అక్షరాల్లో నా పేరు తర్వాత నేను చదవడం నేర్చుకున్న మాట జెలటిన్. సూపర్‌మార్కెట్‌లో పుడ్డింగు, మూస్, ఏ కప్పు తీసినా వెనక్కి తిప్పి ఆ అక్షరాలు వెతకడం అలవాటైపోయింది. పశువుల ఎముకల నుంచి, పందుల చర్మం నుంచి తీసే సరుకు అది. ఎండలు మొదలవగానే ఫ్రిజ్ నిండా కాఫీ జెల్లీ కప్పులు దిగేవి. కింద నిగనిగలాడే నలుపు, పైన వేలెడు మందాన తెల్లటి క్రీమ్. చూస్తూ వెళ్లిపోయేదాన్ని.

ఒక వేసవిలో మా సెక్షన్ వాళ్లు కరుయిజావా తీసుకెళ్లారు. అదీ నగానోలోదే, పాతకాలం నుంచి టోక్యో వాళ్లకి వేసవి విడిది. అక్కడ మికాడో కాఫీ అనే పాత దుకాణం ఉంది. 1963లో అక్కడే కాఫీ జెల్లీని 'తినే కాఫీ' అంటూ అమ్మడం మొదలుపెట్టారు. దేశమంతా దాని మోజులో పడడానికి ఆ కొట్టు కూడా ఒక కారణమని మా సెక్షన్ చీఫ్ కారులో దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు. అందరూ అదే తెప్పించుకున్నారు. అందులో ఏం వేస్తారో వివరంగా అడిగేంత జపనీస్ నాకప్పటికి రాలేదు. కాఫీ మాత్రం చాలన్నాను. చీఫ్‌గారు క్రీమ్‌ని అస్సలు కలపకుండా, అంచు నుంచి ఒక్కో చెంచా తీసుకుని కళ్లు మూసుకుని తిన్నాడు. ఆఫీసులో మైక్రాన్లు తప్ప ఇంకోటి మాట్లాడని మనిషి.

సాయంత్రం అద్దె కవరు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఓయా-సాన్ ట్రిప్పు సంగతులడిగారు. చెప్పాను. జెల్లీ తినలేకపోయిన సంగతీ చెప్పాను. ఆవిడ టీ పోస్తున్న చెయ్యి ఆపి, కాసేపు ఆలోచించి, "అయితే కంతెన్ ఉందిగా" అన్నారు, అంతే.

శనివారం పొద్దున మా తలుపు తట్టారు. "మీకు ఖాళీయేనా? పదండి, వంటింట్లోకి."

* * *

ఆవిడ వంటిల్లు చిన్నది. కిటికీ కింద సింకు, పక్కన రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్వు. రాత్రే ఒక కడ్డీని నీళ్లలో నానబెట్టి ఉంచారు. గంట నానితే చాలు గానీ ఆవిడకి ముందురోజే మొదలుపెట్టడం ఇష్టం. నానిన కడ్డీని రెండు చేతులా పిండి, వేళ్లతో చిన్న చిన్న ముక్కలుగా చించి గిన్నెలోని నీళ్లలో వేశారు. స్టవ్వు వెలిగించాక ఇంక అక్కణ్ణుంచి కదల్లేదు. గరిటెతో అడుగు నుంచి తిప్పుతూ, మధ్యమధ్య పైకెత్తి వెలుతురులో చూస్తారు. గరిటె వెనక ఒక్క పోగు అంటుకుని ఉన్నా ఇంకా కరగనట్టే. కంతెన్ తొంభై డిగ్రీలు దాటితే గానీ సరిగా కరగదు. పొడి రూపంలో దొరికే కంతెన్‌కైనా బాగా మరగడం మొదలయ్యాక రెండు నిమిషాలు తిప్పాల్సిందే. తొందరపడి దించేస్తే సరిగా పేరుకోదు.

కంతెన్ అంతా కరిగాకే చక్కెర వేశారు. ముందే వేస్తే కంతెన్ కరగడానికి మొరాయిస్తుందట.

కాఫీ పక్కన వేరుగా చేశారు. కాగితం ఫిల్టరు, సన్నటి ముక్కున్న కెటిల్. పొడి తడిసేంత నీళ్లు పోసి, అది ఉబ్బి మళ్లీ కుంగేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ తర్వాత సన్నటి ధార, మధ్యలోంచి గుండ్రంగా. మామూలుగా తాగేదానికి రెట్టింపు పొడి. చల్లటిది నాలుక మీద పెట్టుకున్నప్పుడు చేదూ తీపీ రెండూ తక్కువగా తెలుస్తాయి కాబట్టి, వేడిగా ఉన్నప్పుడు ఎక్కువ అనిపించాలి అన్నారు. ఎంత నిజమో ఇప్పటికీ చేసుకునే ప్రతిసారీ తెలుస్తుంది.

కాఫీని కంతెన్‌తో కలిపి మరిగించకూడదు, వాసన ఆవిరైపోతుంది. అలాగని చల్లారిన కాఫీ పోసినా పనికిరాదు. కంతెన్ నలభై డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే పేరుకోవడం మొదలుపెడుతుంది. చల్లటిది తగిలితే తగిలినచోటే పలుకులు కట్టేస్తుంది. అందుకని స్టవ్వు ఆర్పాక, రెండూ వేడివేడిగా ఉండగానే జల్లెడ పట్టి కలిపేశారు. స్టీలు అచ్చుని నీళ్లతో కడిగి, తుడవకుండానే అందులో పోశారు. ఆ తడి ఉంటేనే రేపు గోడలకి అంటుకోకుండా ఊడి వస్తుంది. పైన తేలిన బుడగల్ని కాగితం అంచుతో ఒక్కటొక్కటిగా తీసేసరికి, గిన్నెలో కిటికీ కనబడేంత నున్నగా అయింది.

"ఫ్రిజ్‌లో పెట్టరా?" అన్నాను.

"దీనికి ఫ్రిజ్‌తో పని లేదు. చల్లగా తినాలంటే పెట్టుకోవడమే."

ఆవిడ పెళ్లికి ముందూ, పిల్లలు పెద్దయ్యాకా గడియారాల ఫ్యాక్టరీలో పనిచేశారు. పట్టకారుతో జుట్టు వెంట్రుకంత స్ప్రింగులు అమర్చిన చెయ్యి. జెల్లీ మీద కత్తి పెట్టి కోస్తే కొలబద్ద అక్కర్లేదు. సెంటీమీటరు ఘనాలు, అంచులు నిటారుగా, ఒక్కటి కూడా చెదరకుండా. మా సెక్షన్‌లో కొలతలకి నేను వాడే యంత్రం ఖరీదు ఎంతో అప్పుడు నాకు గుర్తొచ్చింది.

నోట్లో పెట్టుకుంటే జెలటిన్ ఒంటివేడికే కరిగిపోతుందంటారు. కంతెన్ అలా కరగదు. కొరకాలి. పంటి కింద టక్కున విరుగుతుంది, విరిగిన తర్వాతే లోపలి కాఫీ బయటికొస్తుంది. ముందు క్రీమ్ తీపి, ఒక క్షణం ఖాళీ, ఆ వెనకే చేదు. జెలటిన్‌ది మెత్తదనం, అందుకే అదే బాగుంటుందనేవాళ్లు జపాన్‌లోనూ చాలామంది. నాకు మాత్రం కాఫీకి ఈ విరుపే సరిపోతుందనిపిస్తుంది. కాఫీ గుటుక్కున జారిపోవాల్సింది కాదు, కాసేపు నిలవాలి.

పైన పోసుకోవడానికి ఆవిడ చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో వచ్చే కాఫీ క్రీమ్ తెచ్చారు. ఆ బ్రాండు పేరు సుజాత. నగోయా కంపెనీ వాళ్లు బుద్ధుడికి పాయసం పెట్టిన సుజాత పేరే పెట్టుకున్నారు. ఆ కథ మాకు చిన్నప్పటి నుంచీ తెలుసని చెప్తే ఓయా-సాన్ ఎంత సంబరపడ్డారో. ఆ తర్వాత ఎవరొచ్చినా కప్పు మూత తీస్తూ నా చేత ఆ కథ చెప్పించేవారు. నా జపనీస్ బాగుపడింది సగం ఆ కథ చెప్పీ చెప్పీనే.

* * *

నగానో వాళ్లకి టీ అంటే ఒక కప్పు కాదు. కూర్చున్నంతసేపూ కప్పు నిండుతూనే ఉంటుంది. పక్కన పచ్చళ్లు, ఉడికించిన చిక్కుళ్లు, కంతెన్ ముక్కలు. పండగైనా, చావైనా, పొలం పని మధ్య విరామమైనా కంతెన్ లేకుండా పళ్లెం పూర్తవదు. దాన్ని వాళ్లు తెన్యోసె అంటారు. ఒకరు అక్రోటు నూరి కలుపుతారు, ఒకరు పాలు, ఒకరు గుడ్డు. ఒక్కో ఇంటిది ఒక్కో తీరు. మధ్యాహ్నం మూడింటికి చుట్టుపక్కల ఆడవాళ్లు ముగ్గురు నలుగురు ఓయా-సాన్ వరండాలో చేరేవాళ్లు. సెలవురోజుల్లో నాకూ పిలుపు వచ్చేది. అందరూ తమ తమ డబ్బాలు విప్పాక, ఓయా-సాన్ నల్లటి ముక్కల పళ్లెం మధ్యలో పెట్టి, "ఇది ఈ అమ్మాయి కంతెన్" అని నా పేరు చెప్పేవారు. చేసింది మీరు కదా అంటే, "అడిగింది మీరు" అనేవారు. నిజానికి నేను అడగలేదు.

ఎదురింటి ముసలావిడ మొదట్లో ముక్క పక్కన పెట్టేది. కాఫీ తాగేది, కంతెన్ తినేది, రెండూ ఒకటెలా అవుతాయి అని ఆవిడ బాధ. ఆగస్టు వచ్చేసరికి ఆవిడే డబ్బా తెచ్చుకుని ఇంటికి పట్టుకెళ్లడం మొదలుపెట్టింది.

ఆగస్టు 15న సువా సరస్సు మీద బాణాసంచా. ఆ రాత్రి కొండల మధ్య ఒక్కో పేలుడు నాలుగు వైపుల నుంచీ తిరిగి వినబడుతుంది. మేం సరస్సు దాకా వెళ్లలేదు. మేడమీద చాప పరిచి కూర్చుంటే కొండ పైన వెలుగు కనబడేది, చప్పుడు ఆ తర్వాత వచ్చేది. అంతకు ముందు, చీకటి పడేవేళ, హిగురాషి అనే కీచురాళ్లు కనకనకనకన అంటూ ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి అందుకునేవి. అప్పుడే ఓయా-సాన్ తన ఫ్యాక్టరీ రోజుల సంగతి చెప్పారు. జీతాల రోజున స్నేహితురాళ్లతో కలిసి స్టేషన్ దగ్గరి కిస్సాతెన్‌కి వెళ్లేవాళ్లట. పాతకాలపు కాఫీ షాపులవి. ఎర్ర మఖమల్ సీట్లు, గాజు సైఫన్లలో బుడబుడమని పైకెక్కే కాఫీ, కౌంటరు వెనక మాస్టర్ అని పిలుచుకునే యజమాని. పొడుగుకాళ్ల గాజు గ్లాసులో కాఫీ జెల్లీ తెప్పించుకుని ఇద్దరిద్దరు పంచుకునేవాళ్లు. ఆ నెలకి అదే పెద్ద ఖర్చు. "ఆ రుచే మీకు చేసి పెట్టాలని చూశాను, కంతెన్‌తో పూర్తిగా రాలేదు" అన్నారు. రానక్కర్లేదని నేను గట్టిగానే చెప్పాను.

ఆ షాపు మేం ఆ మాటలు చెప్పుకునే నాటికే లేదు. జపాన్ మొత్తం మీద 1981లో లక్షా యాభై వేలకు పైగా కిస్సాతెన్‌లు ఉండేవి. 2021 నాటికి అరవై వేలు కూడా లేవు. మాస్టర్లు ముసలివాళ్లవుతున్నారు, పిల్లలు నగరాలకి పోయారు. షట్టర్ దించిన రోజు తలుపు మీద ఒక కాగితం అంటిస్తారు, ఇన్నేళ్లూ వచ్చినందుకు కృతజ్ఞతలని. అలాంటి కాగితం ముందు ఆగి, టోపీ తీసి తలవంచి వెళ్లిన పెద్దాయన్ని ఒకసారి చూశాను.

కంతెన్ పొలాల పరిస్థితీ అంతే. సువా సరస్సు గట్టిగా గడ్డకట్టిన ఏడు, మంచుగడ్డ రాత్రి చలికి బిగిసి, పగుళ్లిచ్చి, పొడుగునా గోడలాగా పైకి లేస్తుంది. ఒక ఒడ్డున ఉండే దేవుడు అవతలి ఒడ్డున ఉన్న దేవేరి దగ్గరికి నడిచిన దారి అంటారు దాన్ని. పేరు ఒమివతారి. 1443 నుంచి ఏ ఏడు వచ్చిందో, ఏ ఏడు రాలేదో రాసిపెట్టుకుంటున్నారు. చివరిగా వచ్చింది 2018లో. రాత్రి చలి సరిపోకపోతే దిమ్మ సరిగా గడ్డకట్టదు, పొలంలోనే పాడవుతుంది. మా రోజుల్లో ఇంటి వెనక కనబడిన తడికెల వరసలు ఇప్పుడు చాలామటుకు లేవని ఓయా-సాన్ ఏటా కొత్త సంవత్సరం కార్డులో రాసేవారు.

* * *

నేను వచ్చేసేటప్పుడు రెండు కట్టల కడ్డీలు చుట్టి ఇచ్చారు. సూట్‌కేసులో దాని బరువే తెలియలేదు. దాంతోపాటు ఒక కాగితం. సూపర్‌మార్కెట్ కరపత్రం వెనక పెన్సిల్‌తో రాసినది: కడ్డీ ఒకటి, నీళ్లు 300 మి.లీ., కాఫీ 300 మి.లీ., చక్కెర ఐదు పెద్ద చెంచాలు. కింద, "దగ్గరే నిలబడాలి" అని గీత గీసి మరీ రాశారు.

ఇప్పుడు నేను పొడి వాడతాను. కడ్డీకి బదులు నాలుగు గ్రాములు సరిపోతుంది. మొన్నామధ్య మా అమ్మాయి ఆ ప్యాకెట్ చూసి, "అమ్మా, మా ల్యాబ్‌లో ప్లేట్లు పోసేది దీంతోనే" అంది. అది మైక్రోబయాలజీ చదువుతోంది. బాక్టీరియాని పెంచడానికి జెలటిన్ వాడితే వేడికి కరిగిపోతోందని శాస్త్రవేత్తలు తలపట్టుకుంటున్న రోజుల్లో, అగర్ వాడి చూడమన్నది ఒక గృహిణి. 1881 ప్రాంతంలో రాబర్ట్ కోచ్ దగ్గర పనిచేసిన వాల్టర్ హెస్సె భార్య, ఫానీ హెస్సె. తన వంటింటి జెల్లీలు వేసవిలో కూడా ఎందుకు గట్టిగా ఉంటున్నాయని భర్త అడిగితే, అగర్ వల్లనని చెప్పిందట. జావాలో ఉండి వచ్చిన ఒక పొరుగువాళ్ల దగ్గర నేర్చుకుందట ఆ సంగతి. మా అమ్మాయి స్టవ్వు దగ్గర నిలబడి ఇదంతా చెప్తుంటే, ఎండలో బల్ల మీద గంటలకొద్దీ ఉన్నా అంచు చెదరని ఓయా-సాన్ ముక్కలు కళ్లముందు కదిలాయి. ఈ కథ ఆవిడకి చెప్పి ఉంటే వరండాలో ఎన్నిసార్లు చెప్పించేవారో.

ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్లకి నేను పట్టుబట్టి చెప్పేది ఒక్కటే. ఇన్‌స్టంట్ కాఫీ పొడితో కూడా అవుతుంది, కానీ అప్పుడు వాసన సగమే. అప్పటికప్పుడు దింపిన డికాక్షన్ అయితే వేరే సంగతి. పొడిలో చికోరీ లేకపోతే మంచిది, ఉంటే చేదు చివర్లో నాలుకకి అంటుకుంటుంది. నీళ్లలో కంతెన్ రెండు నిమిషాలు పూర్తిగా మరగాలి, ఫోను వస్తే తర్వాత చూసుకోవచ్చు. క్రీమ్ దొరక్కపోతే చిక్కటి పాలలో కాస్త కండెన్స్‌డ్ మిల్క్ కలిపి పోసినా బాగుంటుంది. కోసిన రోజే తినేయాలి. కంతెన్ నిలవుంటే చుట్టూ నీరు ఊరుతుంది, చక్కెర తక్కువైతే ఇంకా తొందరగా.

ఆ కాగితంలో రాసిన ఐదు చెంచాలకి నేను నాలుగే వేస్తాను. అంతకంటే తగ్గిస్తే నీరు తొందరగా ఊరుతుంది. ఓయా-సాన్‌కి తీపి ఎక్కువే ఉండాలి, ఆవిడ కోసం ప్లేటులో విడిగా చక్కెర పాకం పెట్టేవాళ్లం.